గాలీ కాదు, ధూళీ కాదు... నిద్రలో ఉలికిపాటే!

నరసరావుపేట: శివరాత్రి తిరునాళ్లకు కోటప్పకొండ వెళ్లి వచ్చిన మర్నాటి రాత్రి. అయిదేళ్ల పిల్లవాడు. ప్రభలు చూడాలని మారాం చేసి ముందు రాత్రంతా తండ్రి భుజం మీద మేలుకునే ఉన్నాడు. పగలు కాసేపు కునుకు తీశాడు. రాత్రి ఎనిమిదికే అన్నం కంచం ముందు జోగి, సగం తిని పడుకున్నాడు. పది గంటలు దాటిందో లేదో కెవ్వున కేకపెట్టి మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎటో ఉంది. ఒళ్లంతా చెమటలు. గుండె దడదడలాడుతోంది. తల్లి దగ్గరకు తీసుకోబోతే తోసేశాడు. "నేనురా నాన్నా, అమ్మను" అన్నా గుర్తుపట్టలేదు. ఇంటిల్లిపాదీ లేచారు. ఇరుగుపొరుగు వచ్చారు. ఒకరు ముఖాన నీళ్లు చల్లమన్నారు, ఇంకొకరు చెంపల మీద తట్టమన్నారు. పది నిమిషాలకు పిల్లవాడు దానంతట తానే చల్లబడి, పక్కకు ఒరిగి నిద్రపోయాడు.

"కొండ దారిలో ఏదో చూసి దడుచుకున్నాడు. గాలి సోకింది" అని నాయనమ్మ తేల్చేసింది. తెల్లవారకముందే ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. పిల్లవాడు మాత్రం పొద్దున్నే లేచి ఏమీ జరగనట్టు ఆటకు పరుగెత్తాడు. "రాత్రి ఎందుకేడ్చావురా?" అని అడిగితే "నేనెప్పుడు ఏడ్చాను?" అని ఎదురడిగాడు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. పసిపిల్లలున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. దీనికి మన పల్లెల్లో దడుపు, దిష్టి, గాలి, గ్రహం అని ఎన్నో పేర్లున్నాయి. వైద్యులు మాత్రం దీన్ని నిద్రకు సంబంధించిన చిన్న తడబాటుగానే చూస్తారు. ఈ కథలోనే దాని కారణం కూడా ఉంది. పిల్లవాణ్ణి పట్టుకున్నది కొండ దారిలోని గాలి కాదు, కొండ మీద పోగొట్టుకున్న నిద్ర.

నిద్రకూ మెట్లుంటాయి

నిద్ర అంటే కళ్లు మూసింది మొదలు తెరిచేదాకా ఒకే తీరుగా సాగేది కాదు. దిగుడు బావి మెట్లలాగా మెల్లగా లోతుకు దిగి, మళ్లీ పైకి వచ్చి, మళ్లీ దిగుతూ ఉంటుంది. పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లోనే బాగా అడుగుకు దిగుతాం. పిల్లల్లో ఈ గాఢనిద్ర పెద్దలకన్నా ఎక్కువ. ఆ వేళ పక్కన డప్పులు మోగినా కొందరు పిల్లలు కదలరు.

ఆ లోతు నుంచి పై మెట్టుకు వచ్చేటప్పుడు ఒక్కోసారి ఒళ్లు లేస్తుంది, తెలివి మాత్రం లేవదు. కాళ్లు, చేతులు, గొంతు, గుండె మేలుకున్నట్టే పనిచేస్తాయి. అమ్మను గుర్తుపట్టే తెలివి, జరిగింది గుర్తుపెట్టుకునే తెలివి నిద్రలోనే ఉంటాయి. అందుకే పిల్లవాడు కళ్లు తెరిచి కూడా చూడడు, కేకలేసి కూడా గుర్తుంచుకోడు. కేకపెడితే ఉలికిపాటు. లేచి నడిస్తే నిద్రలో నడక. రెండూ ఒక తల్లి పిల్లలే.

నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లీట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మనం కనే కలల్లో ఎక్కువ భాగం ఆ దశలో వచ్చేవే. పిల్లల ఉలికిపాటు కల వల్ల వచ్చేది కాదనీ, గాఢనిద్ర నుంచి సగం లేవడం వల్ల వచ్చేదనీ 1968లో రోజర్ బ్రౌటన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. అంటే ఆ కేక వెనుక భయపెట్టిన బొమ్మ గాని, దెయ్యం గాని ఉండనవసరం లేదు. పిల్లవాడు ఏదో చూశాడు కాబట్టి అరిచాడనుకోవడం మన ఊహ.

పీడకల వేరు, ఇది వేరు

ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

ఉలికిపాటు పడుకున్న రెండు మూడు గంటల లోపల, అంటే సాధారణంగా అర్ధరాత్రికి ముందే వస్తుంది. పిల్లవాడు ఎవరినీ గుర్తుపట్టడు. ఓదారిస్తే ఓదారడు, పట్టుకుంటే ఇంకా పెనుగులాడతాడు. తెల్లవారితే ఏదీ గుర్తుండదు.

పీడకల ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. పిల్లవాడు పూర్తిగా మేలుకుంటాడు. అమ్మ దగ్గరకు వచ్చి కరుచుకుంటాడు. "కుక్క తరిమింది", "నువ్వు నన్ను వదిలి వెళ్లిపోయావు" అని చెప్పగలుగుతాడు. మళ్లీ పడుకోవడానికి భయపడతాడు. అప్పుడు దగ్గరకు తీసుకోవాలి, చెప్పింది వినాలి, పక్కన పడుకోవాలి. "మగపిల్లాడివి, భయమేమిట్రా" అని కసరకూడదు.

ఎవరికి వస్తుంది? ఎందుకు వస్తుంది?

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిన్నర వయసులో నూటికి 34 మందికి పైగా పిల్లలకు ఈ ఉలికిపాటు ఉన్నట్టు తేలింది. అయిదేళ్లకు అది 13కు, పదమూడేళ్లకు 5కు తగ్గింది. పిల్లవాడు పెరిగేకొద్దీ చాలామందిలో ఇది దానంతటదే పోతుందన్న మాట.

వంశంలో ఉంటే రావడం ఎక్కువ. అదే పరిశీలనలో తల్లిదండ్రులిద్దరికీ చిన్నతనంలో నిద్రలో నడిచే అలవాటు ఉంటే వారి పిల్లల్లో నూటికి 61 మంది నిద్రలో నడిచారని తెలిసింది. ఇద్దరికీ లేని ఇళ్లలో 22 మందే. మీ ఇంట్లో పిల్లవాడు కేకలు పెడుతుంటే వాళ్ల తాతనో, నాయనమ్మనో అడిగి చూడండి. "వీడి నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, నిద్దట్లో లేచి వాకిట్లోకి పోయేవాడు" అనే జవాబు వస్తే ఆశ్చర్యపోనక్కర లేదు.

వంశంలో ఉన్నా ప్రతి రాత్రీ రాదు. దాన్ని లేపేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది నిద్ర చాలకపోవడం. ఒక రాత్రి నిద్ర తగ్గితే మర్నాడు ఒళ్లు ఆ బాకీ తీర్చుకోవడానికి మరింత లోతుకు దిగుతుంది. లోతు పెరిగినకొద్దీ పైకి వచ్చేటప్పుడు తడబాటూ పెరుగుతుంది. తిరునాళ్ల, పెళ్లి, రాత్రి ప్రయాణం అయిన మర్నాడు ఉలికిపాటు రావడానికి కారణం ఇదే.

జ్వరం రెండోది. కొత్తచోట పడుకోవడం, మూత్రం నిండి ఉండగా నిద్రపోవడం, పక్కన పెద్ద చప్పుడు కావడం కూడా కారణాలే. ఏటా జనవరి నుంచి మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీ కుటుంబాలు పిల్లాపాపలతో మన జిల్లాకు వస్తాయి. పొలం గట్టున వేసిన పాకలో, తెలియని చోట, తెల్లవారుజామున నాలుగింటికే లేచే పెద్దల మధ్య ఆ పిల్లల నిద్ర చెదరడం సహజం. ఇంట్లో తగాదాలు, తండ్రి తాగుడు, బడిలో దెబ్బల భయం వంటివీ పిల్లల నిద్రను పాడుచేస్తాయి.

ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి?

చేయవలసింది చాలా తక్కువ. చేయకూడనివే ఎక్కువ.

పిల్లవాణ్ణి లేపడానికి ప్రయత్నించకండి. కుదపకండి, చెంపల మీద కొట్టకండి, నీళ్లు చల్లకండి. సగం నిద్రలో ఉన్నవాణ్ణి బలవంతాన లేపితే అయోమయంలో మరింత పెనుగులాడతాడు. అయిదు నిమిషాల్లో పోయేది అరగంట సాగుతుంది.

దీపం మందంగా పెట్టి పక్కన కూర్చోండి. మంచం మీంచి పడకుండా, గోడకు తల కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టండి. తాకనిస్తే మెల్లగా నిమరండి. తోసేస్తే దూరంగా ఉండండి. చిన్న గొంతుతో "ఏం లేదు నాన్నా, పడుకో" అంటే చాలు. ఇరుగుపొరుగును పిలవకండి. లేచి నడిస్తే చెయ్యి పట్టుకుని మంచం దగ్గరకు తీసుకురండి. సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. అరుదుగా ఇరవై, ముప్పై నిమిషాలు ఉండవచ్చు.

తెల్లవారాక ఆ సంగతి పిల్లవాడి ముందు ఎత్తకండి. వాడికి గుర్తులేని భయాన్ని మనమే కథగా చెప్పి పెట్టినట్టవుతుంది. ఆ రాత్రి నుంచి వాడు పడుకోవడానికే జంకుతాడు. దాంతో నిద్ర తగ్గుతుంది, ఉలికిపాటు మళ్లీ వస్తుంది.

ముఖ్యంగా ఒక్క జాగ్రత్త. వేసవిలో మనవాళ్లు డాబాల మీద పడుకుంటారు. చాలా డాబాలకు పిట్టగోడ ఉండదు. నిద్రలో లేచి నడిచే పిల్లలున్నవారు ఎంత ఉక్కగా ఉన్నా వాళ్లను అక్కడ పడుకోబెట్టవద్దు. నేల మీద చాప వేసి పెద్దల మధ్య పడుకోబెట్టడం మేలు. వీధి తలుపు గడియ పైన వేయండి. నీళ్ల తొట్టి మీద మూత ఉండాలి. కత్తిపీట, అగ్గిపెట్టె అందకుండా చూడండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే

మందు కన్నా ముందు చూడవలసింది నిద్ర లెక్క. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. మన ఇళ్లలో రాత్రి సీరియళ్లు అయ్యేసరికి పదిన్నర. బడి బస్సు కోసం ఆరింటికి లేపాలి. ఇది ఏడున్నర గంటలే. వారం తిరిగేసరికి ఎంత బాకీ పడుతుందో లెక్క వేసుకోండి.

ఏడు గంటలకల్లా అన్నం పెట్టండి. పడుకునే గంట ముందు టీవీ, సెల్‌ఫోను తీసివేయండి. సాయంత్రం పూట పిల్లలకు టీ అలవాటు చేయకండి. పడుకోబోయే ముందు మూత్రానికి పంపండి. రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి. నాలుగేళ్ల లోపు పిల్లవాడికి పగటి కునుకు మాన్పించకండి. అన్నం తినకపోతే "బూచాడు పట్టుకుపోతాడు" అని బెదిరించడం మానండి.

ఇంకో ఉపాయం ఉంది. ఉలికిపాటు తరచుగా, ఒకే వేళకు వస్తుంటే ఒక వారం రోజులు గోడ క్యాలెండరు మీద టైము రాసుకోండి. రోజూ పదింటికి వస్తోందనుకుందాం. తొమ్మిది ముప్పావుకే పిల్లవాణ్ణి నెమ్మదిగా తట్టి లేపండి. కళ్లు తెరిచి నాలుగు మాటలు మాట్లాడేదాకా ఉంచి, మళ్లీ పడుకోబెట్టండి. రెండు నుంచి నాలుగు వారాలు ఇలా చేస్తే చాలామందికి ఆ వరస తెగిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా తల్లిదండ్రుల ఓపిక.

పిల్లవాడు నిద్రపోవడం లేదని దగ్గు మందు పట్టించడం, వెనుకటి రోజుల్లోలా నల్లమందు నాకించడం ప్రాణాంతకం. ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పకుండా నిద్ర మందు ఏదీ ఇవ్వకూడదు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

అన్నీ ఉలికిపాట్లే అనుకోవడం కూడా పొరపాటే. నిద్రలో వచ్చే మూర్ఛ, అంటే ఫిట్స్, ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే తీరుగా కాలో చెయ్యో కొట్టుకోవడం, ఒళ్లు బిగుసుకోవడం, నాలుక కరుచుకోవడం, నోటి వెంట నురగ, ఒకే రాత్రి చాలాసార్లు రావడం, పగలు కూడా రావడం ఉంటే ఆలస్యం చేయవద్దు. చేతిలో సెల్‌ఫోను ఉంటే ఒక నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి. మీరు నోటితో ఎంత చెప్పినా తెలియనిది ఆ వీడియో చూస్తే తెలుస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళం చెవులు, ఇనుప ముక్క పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి.

పిల్లవాడు రోజూ గురక పెడుతుంటే, నోటితో ఊపిరి తీస్తుంటే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే గొంతులో గవదలు, ముక్కు వెనుక కండ పెరిగి ఉండవచ్చు. దానికి వైద్యం చేయిస్తే ఉలికిపాటూ పోవచ్చు. రాత్రంతా కాళ్లు ఆడిస్తూ నిద్రపట్టక దొర్లే పిల్లల్లో కొందరికి ఇనుము తక్కువై ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. రక్తపరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయించవచ్చు. రాత్రి వేళ ఆసనం దగ్గర దురదతో లేచే పిల్లలకు నులిపురుగులు కారణం కావచ్చు. ఆ పురుగు రాత్రిపూటే బయటకు వచ్చి గుడ్లు పెడుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో ఉచితంగా ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మింగించడం మరువకండి.

జ్వరంతో పాటు మాటలు తడబడినా, మెడ బిగుసుకున్నా, తెల్లవారినా మత్తు వదలకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

బాగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి పీడకలలతో లేవడం, పక్క తడపడం, ఒక మనిషిని చూసి గాని, ఒక చోటికి వెళ్లాలంటే గాని వణికిపోవడం ఉంటే ఆ పిల్లకు ఎవరో హాని చేస్తున్నారేమో ఆలోచించాలి. తిట్టకుండా, ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగాలి. పిల్లల సాయం కోసం 1098 నంబరు ఉంది. మానసిక సలహా కోసం 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఫోను చేస్తే ఖర్చు లేదు.

తాయెత్తు సంగతి

దిష్టి తీయవద్దని ఏ నాయనమ్మకూ చెప్పనక్కర లేదు. చిటికెడు ఉప్పు పొయ్యిలో వేసినందువల్ల పిల్లవాడికి వచ్చే నష్టం లేదు. తాయెత్తు కట్టిన నెలకు ఉలికిపాటు తగ్గితే తాయెత్తు మహిమ అనుకుంటాం. కట్టకపోయినా తగ్గేదే. అక్కడితో ఆగితే ఫరవాలేదు. ఆగకపోవడం వల్లనే నష్టం.

గాలి వదిలిస్తానని వేప మండలతో కొట్టేవారున్నారు. కళ్లల్లో, ముక్కులో పొగ పట్టించేవారున్నారు. కాల్చిన సూదితో, గాజుతో వాతలు పెట్టేవారున్నారు. వాత చీము పట్టి, పసిప్రాణానికే ముప్పు రావచ్చు. ఏమీ గుర్తులేని పిల్లవాడికి జీవితాంతం గుర్తుండే భయాన్ని, ఒంటి మీద మచ్చను మనమే ఇచ్చినవాళ్లమవుతాం. అసలు మూర్ఛ ఉన్న పిల్లవాడైతే అమావాస్యలు లెక్కపెడుతూ తిరిగిన నెలల్లో వైద్యం ఆలస్యమైపోతుంది.

ఇంట్లో మరో అన్యాయం జరుగుతుంది. పిల్లవాడు రాత్రి కేకపెడితే నింద కోడలి మీద పడుతుంది. "సందెవేళ బయట తిప్పావు, నీ అజాగ్రత్త వల్లే" అంటారు. పగలంతా మిరప చేలో వంగి కాయ కోసి, రాత్రి బిడ్డను చూసుకుని, మళ్లీ నాలుగింటికి లేవవలసిన మనిషి ఆమె. తప్పు ఆమెది కాదు, ఎవరిదీ కాదు. రాత్రి మేలుకునే పనిని తండ్రి కూడా వంతు వేసుకోవడం న్యాయం.

పెద్దవాళ్లు చేయగల సాయం ఇంకొకటుంది. టీవీ కట్టేసి, దీపం తగ్గించి, మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, వీపు నిమురుతూ కాకి కథో పిచ్చుక కథో చెప్పడం. పూర్వం ఇది ప్రతి ఇంట్లో ఉండేదే. రోజూ అదే వేళ, అదే చెయ్యి, అదే గొంతు ఉంటే పిల్లవాడు నిశ్చింతగా నిద్రలోకి జారతాడు. డాక్టర్లు ఈనాడు చెబుతున్న మంచి నిద్ర అలవాటు కూడా అదే.

వచ్చే శివరాత్రికి ప్రభలు చూపించడానికి పిల్లల్ని తప్పక తీసుకువెళ్లండి. వెళ్లేరోజు మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపుచ్చి తీసుకువెళ్లండి. వచ్చిన మర్నాడు పగలు కూడా హాయిగా పడుకోనివ్వండి. రాత్రి పదింటికి కేక వినిపిస్తే కంగారుపడకండి. దీపం తగ్గించి పక్కన కూర్చోండి. పది నిమిషాల్లో తగ్గిపోతుంది.